చైనా కంచు ‘గ’: కర్ర నుంచి ఊడకుండా ఎలా బిగించేవారు?

ప్రశ్న:
షాంగ్, జౌ రాజవంశాల కాలాల (సుమారు క్రీ.పూ. 1600–256) చైనా ఆయుధాల్లో ‘గ’ అనే కొడవలి లాంటిది ఎక్కడ చూసినా కనిపిస్తోంది. అలుగు కర్రకు అడ్డంగా ఉంటుంది కదా, శత్రువును లాగితే ఊడి రాదా? ఫూ హావ్ సమాధిలో దొరికిన పెద్ద గండ్రగొడ్డళ్లతో నిజంగా యుద్ధం చేశారా? యుద్ధపు ఆయుధానికీ, క్రతువు కోసం చేసినదానికీ తేడా ఎలా పట్టాలి?

జవాబు 1:
ఊడేది. దాని రూపం మారుతూ వచ్చింది అందుకే. షాంగ్ కాలపు ‘గ’ చాలావాటికి ముందు అలుగు, వెనక కర్ర చీలికలో దూర్చే తోక మాత్రమే ఉంటాయి. పొడిస్తే తోక వెనక్కి జారి కర్రను చీలుస్తుంది, లాగితే ముందుకు వచ్చేస్తుంది. వెనక్కి జారకుండా అలుగుకూ తోకకూ మధ్య నిలువు గట్టు పోశారు. లాగుడుకు అది చాలదు. జౌ కాలంలో అలుగు మొదలును కర్ర వెంట కిందికి సాగదీసి, అందులో రెండు, మూడు, కొన్నిటిలో నాలుగు సన్నని బెజ్జాలు పెట్టారు. వాటిలోంచి తాడు చుట్టి బిగిస్తే లాగుడు భారమంతా తాడు మీద పడుతుంది.

కర్ర కూడా ముఖ్యం. ‘కావ్ గొంగ్ జీ’ అనే పాత పనితనపు గ్రంథం కొక్కెపు ఆయుధాలకు కోలగా, పొడిచేవాటికి గుండ్రంగా ఉండే కర్ర వాడమంటుంది. గుండ్రటి కర్రయితే తగిలిన దెబ్బకు అలుగు చేతిలో తిరిగిపోతుంది. కోలగా ఉంటే చూడకుండానే పదును ఎటుందో చేతికి తెలుస్తుంది. అడుగున వేసే కంచు పొన్ను కూడా కోలగానే ఉంటుంది, కాబట్టి చెక్క కుళ్లిపోయినా పొన్నును బట్టి కర్ర ఆకారం చెప్పొచ్చు. ‘గ’కు ఆ గ్రంథం చెప్పిన పొడవు 6 ఛీ 6 త్సున్ (పాత చైనా కొలతలు), సుమారు ఒకటిన్నర మీటరు.

జవాబు 2:
గొడ్డళ్ల సంగతి. ఫూ హావ్ షాంగ్ రాజు వూ దింగ్ భార్య, దండయాత్రలు నడిపినట్టు జోస్యానికి వాడిన ఎముకల మీది శాసనాలే చెబుతున్నాయి. 1976లో అన్‌యాంగ్‌లో తవ్విన ఆమె సమాధిలోని అతిపెద్ద ‘యుఎ’ గండ్రగొడ్డలి బరువు 9 కిలోల దాకా ఉంది. దాని మీద రెండు పులుల మధ్య మనిషి తల చెక్కి ఉంది. అంత బరువును పోరులో పదేపదే విసరలేరు. తల నరికించే అధికారానికీ, సేనాధిపత్యానికీ అది గుర్తు.

నగిషీని చూసి మాత్రం తీర్పు చెప్పకండి. 1965లో హూబేలో దొరికిన యుఎ రాజ్యపు రాజు గోజియాన్ కత్తి నిండా వజ్రాకారపు గళ్లే, అయినా 875 గ్రాముల ఆ కత్తి అంచు ఇప్పటికీ పదునే. అలుగు మందం, అంచు నూరిన గీతలు, తాడు బెజ్జాలు చూడండి. పలుచగా, పదును పెట్టకుండా పోసినది సమాధి కోసమే చేసినదై ఉండొచ్చు.

జవాబు 3:
లోహం గురించి ఒక మాట. తగరం పెరిగితే అంచు గట్టిపడుతుంది, 20 శాతం దాటితే పెళుసై విరుగుతుంది. దీనికి వసంత శరత్తుల కాలం (జౌ యుగంలో ఒక దశ) చివర్లో చక్కటి ఉపాయం కనిపెట్టారు: సుమారు 10 శాతం తగరంతో కత్తి వెన్ను ముందు పోసి, ఆ తర్వాత దాని గాళ్లలోకి ఎక్కువ తగరం ఉన్న అంచులు పోశారు. వెన్ను దెబ్బ ఓర్చుకుంటుంది, అంచు కోస్తుంది. పురాతన లోహపు పనిలో ఇంత తెలివైనది అరుదు.

ఇంకొకటి: పశ్చిమ జౌ (జౌ కాలపు తొలి దశ) సమాధుల్లో వంచేసిన ‘గ’లు దొరుకుతాయి. అవి యుద్ధంలో వంగినవని పొరబడతారు. పాతిపెట్టేటప్పుడు కావాలనే వంచినవి చాలా ఉన్నాయి. ఒకే సమాధిలో పలు ఆయుధాలు ఒకే తీరున మడిచి ఉంటే అది క్రతువే.