మామూలు మనుషులు గుంపులో పడితే ఎందుకలా మారిపోతారు? ఇప్పటి రాజకీయాలకి ఆ పాఠం వర్తిస్తుందా?

సందేహి:
ఈమధ్య రెండో ప్రపంచయుద్ధం గురించి చదువుతున్నాను, నాయకుల గురించి కాదు, కింద పని చేసినవాళ్ల గురించి. 1942 జులైలో పోలండ్‌లోని యూజెఫూఫ్ ఊళ్లో జరిగింది చదివాక మనసు కుదురుగా లేదు. జర్మన్ రిజర్వ్ పోలీసు బెటాలియన్ 101లో ఉన్నది ఎక్కువగా హాంబర్గ్‌లో మామూలు పనులు చేసుకుని బతికిన నడివయసు మనుషులు. ఊళ్లో యూదుల్ని కాల్చెయ్యాలని ఆర్డరొచ్చింది. ఆ మాట చెబుతూ బెటాలియన్ అధికారి మేజర్ ట్రాప్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, పెద్దవయసు వాళ్లలో ఎవరైనా చెయ్యలేమనుకుంటే పక్కకి రావచ్చని కూడా అన్నాడు. దాదాపు 500 మందిలో అప్పటికప్పుడు పక్కకొచ్చింది ఓ డజను మంది. వాళ్లకి శిక్ష కూడా పడలేదు!

సైకాలజీ దీన్ని వివరిస్తుందా, లేక "పరిస్థితులు అలాంటివి" అని సాకు చేతికిస్తుందా? ఇప్పుడు ఏదో ఒక వర్గాన్ని మొత్తంగా తిట్టిపోసే పోస్టు కింద నాకు తెలిసిన మంచివాళ్లే లైకులు కొడుతుంటే ఈ ఊరే గుర్తొస్తోంది. ఇది అతిగా ఆలోచించడమా?

నీలిసిరా:
అతి కాదండీ. 1950ల్లో సోలమన్ ఆష్ చేసిన ప్రయోగం చూడండి. ఒక గీత, పక్కన మూడు గీతలు, ఏది సమానమో చెప్పాలి, అంతే. గదిలో ఒక్కడే అసలు మనిషి, మిగతావాళ్లంతా ముందే మాట్లాడుకుని కావాలని తప్పు చెప్పేవాళ్లు. అలా వాళ్లు తప్పు చెప్పినప్పుడల్లా వచ్చిన జవాబుల్లో మూడింట ఒక వంతుకి పైగా గుంపుతోనే పోయాయి, కళ్ల ముందు గీత కనబడుతూనే ఉన్నా. అందరూ దీన్నే చెప్పి ఆపేస్తారు. నన్ను ఆలోచనలో పడేసింది తర్వాతి భాగం. గుంపులో ఒక్కడు నిజం చెబితే చాలు, ఆ ఒత్తిడి చాలావరకు పోయింది. ఆ ఒక్కడు చెప్పింది ఇంకో తప్పు జవాబైనా సరే, తగ్గింది! అంటే మనిషిని లొంగదీసేది జనం సంఖ్య ఒక్కటే కాదు, అందరూ ఒకే మాట మీద ఉన్నారన్న భ్రమ.

మిల్‌గ్రామ్ ప్రయోగంలోనూ ఇంతే. పక్క గదిలోని మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా ఇంకా పెద్ద కరెంటు షాకివ్వమని చెప్పారు (షాకులు ఉత్తుత్తివే, ఇచ్చేవాళ్లకి ఆ సంగతి తెలీదు). 40 మందిలో 26 మంది 450 వోల్టుల దాకా వెళ్లారని అందరికీ తెలుసు. పక్కన కూర్చున్న ఇద్దరు "మేం చెయ్యం" అని లేచిపోయిన విడతలో చివరిదాకా వెళ్లింది 40 మందిలో నలుగురే.

ఇప్పుడు మన ఫోన్లు చేస్తున్నది ఆ గదిని ఇరవైనాలుగ్గంటలూ నడపడమే. ఒప్పుకోనివాళ్లు తిట్లకి భయపడి మౌనంగా ఉంటారు, ఆ మౌనం ఎక్కడా లెక్కలోకి రాదు, కనబడేది చప్పట్లే.

తూర్పుగాలి:
కొంతవరకు ఒప్పుకుంటాను. కానీ అన్నీ మనసు మీదికే తోసేస్తే గది కట్టినవాళ్లు తప్పించుకుంటారు. జర్మనీలో నాజీలకి 1928లో వచ్చినవి 2.6 శాతం ఓట్లు, 1932 జులైలో 37.3 శాతం. నాలుగేళ్లలో జర్మన్ల మనస్తత్వం మారిపోయిందా? మధ్యలో ఆర్థికమాంద్యం వచ్చింది, దాదాపు 60 లక్షల మందికి పని లేకుండా పోయింది, ఆ కోపానికి ఒక శత్రువుని చూపించే పార్టీ సిద్ధంగా ఉంది. ఆఫ్రికాలోని రువాండాలో 1994లో టుట్సీ జాతివాళ్ల ఊచకోత జరిగింది, దానికి ముందు నుంచే ఆర్‌టీఎల్ఎం రేడియో పాటల మధ్యలో, కబుర్ల మధ్యలో టుట్సీలని బొద్దింకలంటూ వచ్చింది. అదేం గాలికి పుట్టలేదు, డబ్బు పెట్టినవాళ్లున్నారు, వెనకాల అధికారంలో ఉన్నవాళ్లున్నారు. ఇప్పటి ద్వేషం గురించి మాట్లాడేటప్పుడు కూడా ముందు అడగాల్సింది దాని మీద ఎవరు సంపాదిస్తున్నారు, ఎవరు గెలుస్తున్నారు అని.

సందేహి:
తూర్పుగాలి గారూ, ఒప్పుకుంటున్నాను. కానీ గది ఎవరు కట్టినా అందులో కూర్చున్నవాడి బాధ్యత ఏమవుతుంది? ఆ డజను మందీ అదే గదిలో ఉన్నారు కదా.

పాతకాగితం:
దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ బల్గేరియా. 1943 మార్చిలో అక్కడి యూదుల్ని జర్మన్లకి అప్పగించడానికి రహస్యంగా ఏర్పాట్లు జరిగాయి. పార్లమెంటు ఉపసభాపతి దిమితర్ పెషెవ్‌కి అది తెలిసింది. ఆయన ప్రతిపక్షం కాదు, అధికారపక్షం మనిషి, యూదుల హక్కులు లాగేసిన చట్టం వచ్చినప్పుడు అడ్డుపడనివాడే. ఈసారి మాత్రం కదిలాడు, అప్పగింతని ఆపించాడు, తర్వాత 42 మంది తోటి సభ్యుల చేత సంతకాలు పెట్టించి ప్రధానికి నిరసన లేఖ ఇచ్చాడు. దాంతో పదవి పోయింది. చర్చి పెద్దలూ జనమూ గట్టిగా నిలబడటంతో దేశంలోని దాదాపు 48 వేల మంది యూదులు బతికారు. బల్గేరియా ఆక్రమించుకున్న థ్రేస్, మాసిడోనియాల్లోని 11 వేలకు పైగా యూదులకి మాత్రం ఆ అదృష్టం లేకపోయింది, ఈ సంగతి వదిలేసి బల్గేరియాని పొగడటం తప్పు.

ఆష్ గదిలో ఆ ఒక్కడు చేసిన పని ఇదే. అవతలి పక్షం ఎంత అరిచినా "వాళ్లు అలాగే అంటారులే" అని కొట్టిపారేస్తాం. మనవాడే లేచి "ఇది తప్పు" అంటే అలా కొట్టిపారెయ్యలేం. అందుకే ఏ పార్టీ అయినా ఎదుటివాళ్ల కన్నా ముందు తన లోపల అడ్డం చెప్పేవాణ్ణి ద్రోహి అని బయటికి పంపిస్తుంది. సందేహి గారూ, మీకు తెలిసిన ఆ మంచివాళ్లతో పోస్టు కింద వాదించకండి, విడిగా ఫోన్ చేసి మాట్లాడండి. వాళ్లు వినేది మీలాంటి తమ మనిషి మాటే.