ఎస్‌ఓపీలో వాక్యం ఎంత పొడవుండాలి?

ప్రశ్న: ఫ్రిస్కో, టెక్సస్ నుంచి

పెద్దలందరికీ నమస్కారం. మేము ఈ ఊరు వచ్చి ఎనిమిది నెలలయింది. నేను కాకినాడలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. పెళ్లికి ముందు నల్గొండలో తాగునీటి పరీక్షల ల్యాబులో నాలుగేళ్లు పనిచేశాను. ప్రస్తుతం హెచ్4 (డిపెండెంట్) వీసా మీద ఉన్నాను, వచ్చే ఫాల్‌కు పర్యావరణ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్‌కు దరఖాస్తు చేయదలచుకున్నాను. దరఖాస్తుతో పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌కు (ఎస్‌ఓపీకి), అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే వ్యాసానికి, వెయ్యి పదాల పరిమితి ఉంది. నా చిత్తుప్రతి చూసిన స్నేహితురాలు, అందులో ఒక వాక్యం 71 పదాలు ఉందనీ, ఇక్కడ అలా రాస్తే ఎవరూ చదవరనీ అన్నారు. ఆమె మాట విని అన్ని వాక్యాలనూ పదిహేను పదాల లోపుకు కత్తిరించాను. ఇప్పుడది మా ల్యాబు రిజిస్టరులా తయారైంది. ఆ పొడవాటి వాక్యం భావం తెలుగులో ఇది:

"నేను ల్యాబులో చేరి, చుట్టుపక్కల పల్లెల బోర్ల నీటిని పరీక్షించి, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన వాటిని గుర్తించి, నివేదికలు పంపి, ఆ బోర్లకు ఎర్ర రంగు వేయించిన తరువాత కూడా జనం అవే నీళ్లు పట్టుకెళ్లడం చూసి, పరీక్ష ఒక్కటే చాలదని గ్రహించాను."

దీన్ని ఎక్కడ తుంచాలో దయచేసి చెప్పగలరు.

సమాధానం: ఎడిసన్, న్యూజెర్సీ నుంచి

నమస్కారం అమ్మా. మా అబ్బాయి అండర్‌గ్రాడ్ దరఖాస్తుల సమయంలో స్కూలు కౌన్సిలరు గారు ఒకే సూత్రం చెప్పారు: ఇరవై పదాలు దాటితే ఫుల్‌స్టాప్ పెట్టాలి. చాలా అమెరికా కాలేజీలకు ఉమ్మడిగా పంపే దరఖాస్తు అయిన కామన్ యాప్‌లో వ్యాసానికి 650 పదాలే గరిష్ఠం. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) దరఖాస్తులో ఎనిమిది ప్రశ్నల నుంచి నాలుగింటిని ఎంచుకొని, ఒక్కొక్క దానికి 350 పదాలకు మించకుండా జవాబు రాయాలి. అంత ఇరుకులో పొడవాటి వాక్యాలకు చోటెక్కడిది? మీరు కత్తిరించి మంచి పనే చేశారని నా అభిప్రాయం.

సమాధానం: రాలీ, నార్త్ కరొలైనా నుంచి

ఎడిసన్ అన్నయ్యగారు చెప్పిన పరిమితులు సరైనవే కానీ, ఇరవై పదాల సూత్రంతో నేను ఏకీభవించలేను. పదిహేడేళ్ల పిల్లవాడి వ్యాసం, నాలుగేళ్లు ఉద్యోగం చేసిన మనిషి ఎస్‌ఓపీ ఒకటి కావు. పైగా చెల్లెమ్మ వాక్యానికి పట్టిన జబ్బు పొడవు కాదు.

ఆమె తెలుగులో రాసిన వాక్యాన్ని మరొకసారి చదవండి. ఎక్కడా ఊపిరి ఆడకపోవడం లేదు. చేరి, పరీక్షించి, గుర్తించి, పంపి అంటూ అసమాపక క్రియలు ఒకదాని చేయి ఒకటి పట్టుకొని నడుస్తాయి. వాక్యం చివర వచ్చే "గ్రహించాను" అనే ఒకే ఒక్క సమాపక క్రియ మీద బరువంతా దిగుతుంది. మొదటివి దారి అనీ, చివరిది ఊరు అనీ తెలుగు పాఠకుడికి ఎవరూ చెప్పనక్కరలేదు. అసలు క్రియ కోసం వాక్యం చివరిదాకా ఎదురుచూడడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

ఇంగ్లీషులో ఆ ఏర్పాటు లేదు. అక్కడ కర్త వెనువెంటనే క్రియ రావాలి, పాఠకుడు దాని కోసమే చూస్తాడు. మనం ఈ గొలుసును ఇంగ్లీషులోకి దింపేటప్పుడు ప్రతి "చేసి"నీ ఒక "అండ్"గా మార్చుకుంటూ పోతాం. అప్పుడు ఉద్యోగంలో చేరడమూ, నివేదిక పంపడమూ, జీవితం మలుపు తిరిగిన ఆ గ్రహింపూ ఒకే బరువుతో వరుసగా నిలబడతాయి. ఆ వరుసను ఫుల్‌స్టాపులతో నరికితే ఏమవుతుందో చెల్లెమ్మకు ఇప్పటికే తెలిసింది: చేరాను, పరీక్షించాను, పంపాను, గ్రహించాను. రిజిస్టరు అని ఆమె పెట్టిన పేరు సరిగ్గా సరిపోయింది. 71 పదాల వాక్యానిదీ, దాన్ని నరికిన ముక్కలదీ ఒకే లోపం. దేనికి ప్రాధాన్యమో రెండూ చెప్పడం లేదు.

అందువల్ల ఎక్కడ తుంచాలని కాక, ఏ క్రియ అసలైనదని అడగండి. నేనైతే ఇలా విడదీస్తాను. ఉద్యోగం, పరీక్షలు, 1.5 మిల్లీగ్రాముల హద్దు, ఎర్ర రంగు, ఇవన్నీ ఒక మోస్తరు వాక్యంలో ఇమిడిపోతాయి, ఎందుకంటే అది సమాచారం మాత్రమే. ఆ తరువాత ఒక చిన్న వాక్యం: "ఎర్ర రంగు వేసిన బోరు దగ్గర బిందెల వరుస తగ్గలేదు." ఇది మీరు కళ్లారా చూసినది, దానికి ఎనిమిది పదాలు మించి అక్కరలేదు. మూడవ వాక్యం పొడవుగానే ఉండనివ్వండి. జనం ఆ నీళ్లే ఎందుకు పట్టుకెళ్లారో, ఫ్లోరైడ్‌ను కొలవడానికీ తొలగించడానికీ మధ్య ఉన్న దూరం మీకెలా తెలిసిందో, ఆ దూరాన్ని తగ్గించే చదువు ఏదో చెప్పే వాక్యం అది. కారణమూ ఫలితమూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నప్పుడు వాటిని వేరువేరు వాక్యాల్లో పెడితే ఆ ముడి ఊడిపోతుంది. ప్రొఫెసర్లు మీ ఆలోచన తీరు చూసేది అటువంటి వాక్యాల్లోనే. అది ముప్పై అయిదు, నలభై పదాలు ఉన్నా పరవాలేదు, కర్తా క్రియా దగ్గరగా ఉంటే చాలు.

మరొక సంగతి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన, పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి "నల్గొండ టెక్నిక్" అనే పేరు ఉన్న సంగతి మీకు తెలిసినదే. నీటిశుద్ధి మీద పనిచేసేవారికి ఆ పేరు కొత్త కాదు. అటువంటి జిల్లాలో పనిచేసిన మీరు "చిన్ననాటి నుంచి నాకు సైన్సు అంటే అమితమైన ఆసక్తి" అని మొదలుపెడితే చేతిలో ఉన్న చద్దిమూట వదిలి బిచ్చమెత్తుకున్నట్టే. నల్గొండను మొదటి వాక్యంలోకే తెండి.

నేను 2008లో హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీ వారికి డబ్బు కట్టి ఎస్‌ఓపీ రాయించుకున్నాను. "మీ ఎస్టీమ్డ్ యూనివర్సిటీ" అనే మాట అందులో నాలుగుసార్లు వచ్చింది. ఇక్కడికి వచ్చాక నా రూమ్మేటు ఎస్‌ఓపీ చూస్తే రెండవ పేరా అక్షరం పొల్లు పోకుండా నాదే. అతనికీ అంతే ఆశ్చర్యం. ఆ పేరా వాక్యాలన్నీ పద్దెనిమిది పదాల లోపే ఉన్నాయని మాత్రం ఒప్పుకోవాలి.

"పరీక్షలు నిర్వహించబడినవి" వంటి కర్మణి వాక్యాలు మీ ప్రతిలో ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టుకోండి. తెలుగులో మాట్లాడేటప్పుడు మనం అలా ఎప్పుడూ అనం. ఇంగ్లీషులో మాత్రం కాలేజీ ల్యాబు రికార్డులు రాసిన అలవాటు చేతిని వదలదు. పరీక్ష మీరు చేశారా, మీ పైఅధికారి చేశారా అన్నది చదివేవారికి తెలియాలి. ప్రతి వాక్యాన్నీ మీ అమ్మగారికి ఫోనులో చెబుతున్నట్టు తెలుగులో ఒకసారి పైకి అనుకోండి. "ఎవరు?" అని ఆవిడ అడిగే ప్రతిచోటా కర్త లోపించినట్టే.

సమాధానం: రెడింగ్, ఇంగ్లండు నుంచి

ఇక్కడ డిగ్రీకి పిల్లలను పంపేవారి కోసం ఒక మాట. బ్రిటన్ యూనివర్సిటీల డిగ్రీ ప్రవేశాలకు ఉమ్మడిగా దరఖాస్తులు తీసుకునే యూకాస్ సంస్థ దరఖాస్తులో పదాలు కాదు, అక్షరాలు లెక్కిస్తారు. ఖాళీలతో కలిపి 4,000. 2026 ప్రవేశాల నుంచి అది ఒకే వ్యాసంగా కాక మూడు ప్రశ్నలకు జవాబులుగా మారింది, ఒక్కొక్క జవాబు కనీసం 350 అక్షరాలు ఉండాలి. కాబట్టి ఇక్కడ వాక్యం పొడవు కన్నా పదం పొడవు ఖరీదైనది. రాలీవారు చెప్పిన కాపీ పేరాల సంగతి కూడా గుర్తుంచుకోండి, యూకాస్ వారు వచ్చిన వ్యాసాలను ఒకదానితో ఒకటి పోల్చి చూస్తారు.

ఫ్రిస్కో నుంచి మళ్లీ

అందరికీ కృతజ్ఞతలు. అన్నయ్యగారు చెప్పినట్టు మూడు వాక్యాలుగా రాశాను. 58 పదాలు వచ్చాయి. అయితే కర్తలు చేర్చిన తరువాత పేజీ నిండా "ఐ" కనిపిస్తోంది. సొంత డబ్బా కొట్టుకుంటున్నట్టు లేదా?

రాలీ నుంచి

అది గర్వం కాదు, వ్యాకరణం. తెలుగులో "పరీక్షించాను" అంటే చివరి "ను"లోనే నేను ఉన్నాను, వేరే చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు క్రియకు ఆ తోక లేదు కనుక "ఐ" ప్రతిసారీ రావలసిందే. చదివేవారు దాన్ని పట్టించుకోరు. వరుసగా నాలుగు వాక్యాలు దానితోనే మొదలైతే మాత్రం ఒకదానికి బోరునో, నీటినో కర్తగా చేయండి. బిందెల వరుస వాక్యంలో ఎలాగూ మీరు లేరు. దాన్ని కదపవద్దు.