కొత్తగా వచ్చిన పిల్లల వైపు నుంచి చెప్పిన నవల ఏదైనా ఉందా?

మా పాపకి తొమ్మిదేళ్లు. రోజూ పడుకునే ముందు ఇద్దరం కలిసి చదువుతూ ‘ద బాయ్ ఎట్ ద బ్యాక్ ఆఫ్ ద క్లాస్’ మొన్ననే పూర్తి చేశాం. ఒంజలి రౌఫ్ రాసిన నవల, 2018లో వచ్చింది. సిరియా నుంచి శరణార్థిగా వచ్చిన అహ్మెత్‌తో స్నేహం చేయడానికి నలుగురు పిల్లలు పడే తంటాలు చూసి తెగ నవ్వింది, రెండు చోట్ల ఏడ్చింది కూడా.

అంతా అయ్యాక ఒక ప్రశ్న వేసింది: "అమ్మా, మరి అహ్మెత్ మనసులో ఏమనుకున్నాడు?" కథ చెప్పేది క్లాస్‌మేట్ కదా, ఏం చెప్పాలో తోచలేదు. పైగా తన క్లాసులో కొత్తగా చేరిన అమ్మాయికి ఇంకా ఇక్కడి భాష రాదు. మా పాప రబ్బరు ఇస్తుందట, ఆ అమ్మాయి చెరిపి తిరిగి ఇస్తుందట. ప్రస్తుతానికి స్నేహం అంతవరకే.

వలస వచ్చిన పిల్లలే చెప్పే కథలు కావాలి. జాలి పుట్టించడమే పనిగా పెట్టుకున్నవి మాత్రం వద్దు. థాన్హా లై ‘ఇన్‌సైడ్ ఔట్ అండ్ బ్యాక్ అగైన్’ తెద్దామనుకుంటున్నాను. వియత్నాం నుంచి అమెరికా వెళ్లిన పదేళ్ల పాప కథ, అంతా కవితల్లోనే. ఈ వయసు వాళ్లకి చదివి వినిపిస్తే ఎక్కుతుందా? యుద్ధం వచ్చే చోట్ల భయపడతారా? చదివినవాళ్లెవరైనా కాస్త చెప్పండి.