వరద బాధితుల యాప్‌కి సరైన తెలుగు మాట కావాలి, సాయం చేయండి

అమెరికా మాజీ సైనికుల శాఖ 2011లో తెచ్చిన పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత మనసును వెంటాడే కలత) కోచ్ యాప్, మనసు ఎంత కలతగా ఉందో 0 నుంచి 10 వరకు చెప్పమంటుంది. అలాంటి కొలతే వరద బాధితుల కోసం తెలుగులో పెట్టాలి. చిక్కంతా ఒక్క మాట దగ్గరే. ‘బాధ’ అంటే ఒంటి నొప్పి అనుకుంటారు. ‘ఆందోళన’ అంటే ధర్నా గుర్తొస్తుంది. ‘గాభరా’ దగ్గరగా ఉంది కానీ, మొద్దుబారిపోయి ఏమీ అనిపించని స్థితి అందులోకి రాదు. అలా ఉన్నవాళ్లు 1 నొక్కేస్తే, వాళ్లకు సాయం అక్కర్లేదని యాప్ పొరబడుతుంది. మొద్దుబారడం కూడా కలిసేలా ఈ మనసు కలతను మీ వైపు ఏమంటారు? జిల్లా పేరుతో చెప్పండి.

మనసు కుదుటపడేందుకు యాప్‌లో పెట్టే ఆడియోలో కళ్లు మూసుకోమంటే కొందరికి ఆ వరద దృశ్యాలే తిరిగొస్తాయి. అందుకే కళ్లు తెరిచి, పాదాలు నేలకు ఆనించి, 4 సెకన్లు ఊపిరి పీల్చి 6 సెకన్లు వదలమంటున్నాం. నీటి చప్పుడు అస్సలు పెట్టలేదు. పెద్దవాళ్లకు ‘మీరు’, పిల్లలకు ‘నువ్వు’ అని రెండు రికార్డింగులు చేయాలా?

ఇంకొకటి: ఫోన్ ఇంట్లో నలుగురూ చూస్తారు. తెర మీద వచ్చే నోటిఫికేషన్‌లో ఏం రాస్తే గుట్టు బయటపడదు? టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 బటన్ మాత్రం, నెట్ లేకున్నా కాల్ వెళ్లేలా, మొదటి పేజీలోనే ఉంచాం.