క్యాసెట్ బుస: ఎక్కించేటప్పుడే తీసేయాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా?

సి90:
ఇళ్లలో టూ-ఇన్-వన్ (రేడియో, క్యాసెట్ రికార్డరు కలిసిన పెట్టె) పెట్టి రికార్డు చేసుకున్న కచేరీలు, హరికథల క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లకి ఎప్పుడూ ఒకటే సలహా వస్తోంది: 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ (బిట్లు చిన్న, పెద్ద శబ్దాల తేడా ఎంత పట్టాలో, కిలోహెర్ట్జ్ సెకనుకి ఎన్ని వేల కొలతలు తీయాలో చెప్పే అంకెలు), బుసతో సహా ఏదీ ముట్టుకోవద్దు అని. నేను ఒప్పుకోను. లెక్క చూడండి. డాల్బీ (బుస తగ్గించే పద్ధతి) లేని మామూలు ఫెర్రిక్ (ఇనుప ఆక్సైడ్ పూత) టేపులో బుసకీ, టేపు మోయగల గట్టి శబ్దానికీ తేడా 50 డెసిబెళ్ల పైచిలుకు. 16 బిట్ ఫైలు 96 దాకా మోస్తుంది. 15 కిలోహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ పైన టూ-ఇన్-వన్ లోపలి మైకు పట్టిన సంగీతం ఏమీ ఉండదు. 24/96లో గంట క్యాసెట్టు 2 జీబీ దాటుతుంది, 16/44.1లో 635 ఎంబీ. వంద క్యాసెట్లుంటే ఈ తేడా చిన్నది కాదు.

బుస వదిలేసిన ఫైలుని ఇంట్లో ఎవరూ రెండోసారి వినరు. అందుకని నా మాట: 16/44.1లో ఎక్కించండి, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో పాట మొదలవకముందు ఉన్న రెండు సెకన్లు ఎంచుకుని నాయిస్ ప్రొఫైల్ (తీసేయాల్సిన బుస నమూనా) తీసుకోండి, 12 డెసిబెళ్లు తగ్గించండి, ఫ్లాక్‌లో (నాణ్యత పోకుండా సైజు తగ్గించే ఫైలు రకం) దాచండి. ముడి ఫైలు ఉంచుకోనక్కర్లేదు.

నూలుపోగు:
సి90 గారూ, ఫైలు సైజు లెక్క దాకా మీతోనే ఉన్నాను. "పాట మొదలవకముందు రెండు సెకన్లు" అన్న చోటే కచేరీ టేపులు పాడైపోతున్నాయి. పాట మొదలవకముందు అక్కడ ఏం మోగుతుంది? తంబురా. ఆగకుండా ఒకే తీరున మోగే శబ్దాన్నే ఆ ఫిల్టరు బుస అనుకుంటుంది. ఆ రెండు సెకన్ల ప్రొఫైల్‌లో తంబురా గుర్రం (తీగలు ఆనే మెట్టు) మీద నూలుపోగు వల్ల వచ్చే జుమ్మనే పై స్వరాలన్నీ చేరిపోతాయి. ఆ తర్వాత 12 డెసిబెళ్లు కొడితే కచేరీ అంతటా తంబురా జీవం పోయి, దూరంగా ఫ్యాను తిరుగుతున్నట్టు మిగులుతుంది. గాయకుడి కార్వైలు (సాగదీసి నిలిపే స్వరాలు) కూడా చివర్లో తెగినట్టు వినిపిస్తాయి.

పాటకీ పాటకీ మధ్య ఖాళీ తీసుకుందామంటే అక్కడ ఇంకో చిక్కు. టూ-ఇన్-వన్‌లో రికార్డింగ్ లెవెల్ దానంతట అదే మారుతుంది. సభ నిశ్శబ్దమైతే మైకు గెయిన్ (శబ్దాన్ని పెంచే మోతాదు) పెరిగి గది చప్పుడు, ఫ్యాను, మైకు సొద పైకొస్తాయి. మృదంగం దెబ్బ పడగానే కిందికి దిగుతాయి. టేపు బుస ఒకటే స్థాయిలో ఉంటుంది గానీ ఈ గది సొద ఉండదు. ఖాళీలో కొలిచిన సొద పాటలో ఉన్నదానికంటే ఎక్కువ కాబట్టి ఫిల్టరు పాటను అతిగా గీకేస్తుంది.

టేపు మొదట్లోని లీడర్ ముక్క కూడా పనికిరాదు. దాని మీద అయస్కాంత పూతే లేదు, అక్కడ వినిపించేది డెక్కు (క్యాసెట్ ప్లేయరు) సొంత సొద. ఉన్నవాటిలో నయం, రికార్డింగు ఆగిపోయాక ఆ పక్క (సైడు) చివర్లో మిగిలిన ఖాళీ టేపు. రికార్డు కాని టేపు బుస కొద్దిగా తక్కువే ఉంటుంది కాబట్టి ఫిల్టరు తక్కువ తీస్తుందే తప్ప ఎక్కువ తీయదు. తప్పు జరిగినా ఆ వైపే జరగాలి.

హరికథ అయితే మరీ జాగ్రత్త. మాటల కోసం తయారైన కొత్త ఏఐ ఫిల్టర్లు చిడతల్నీ గజ్జెల్నీ చప్పుడు కిందే లెక్కగట్టి తీసిపారేస్తాయి. దాసుగారి గొంతు మాత్రం అద్దంలా మిగులుతుంది, కథకి నడక పోతుంది. ముడి ఫైలు ఉంచుకోకపోతే దాన్ని తిరిగి తెచ్చే దారి లేదు.

లైన్ఇన్:
మీరిద్దరూ సాఫ్ట్‌వేర్ దగ్గర ఆగిపోయారు. సరుకు అంతకంటే ముందే, డెక్కు హెడ్ (టేపుని చదివే భాగం) దగ్గర పోతోంది. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది, కాబట్టి 10 కిలోహెర్ట్జ్ శబ్దం టేపు మీద ఒక్కో అల 4.76 మైక్రాన్ల పొడవు. మోనో ట్రాక్ వెడల్పు 1.5 మిల్లీమీటర్లు. హెడ్ డిగ్రీలో పదో వంతు వాలినా ఆ వెడల్పు మీద 2.6 మైక్రాన్ల తేడా, అంటే సగం అల పైనే. పై శబ్దాలు (ఎక్కువ ఫ్రీక్వెన్సీవి) ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బుస మాత్రం ఏమీ తగ్గదు, అది వాలుతో సంబంధం లేకుండా పుడుతుంది. పాట మూగబోయి బుస అలాగే ఉంటే "టేపు పాతబడి పాడైంది" అనుకుంటాం. చాలాసార్లు టేపులో ఏ లోపమూ ఉండదు.

రికార్డు చేసిన టూ-ఇన్-వన్ హెడ్ ఎటు వాలి ఉందో, మన డెక్కుని కూడా అటే వాల్చాలి. క్యాసెట్టుకి ఒకసారి, రెండో పక్కకి మళ్లీ.

ముందు శుభ్రం: హెడ్డూ, క్యాప్‌స్టన్ కడ్డీ (టేపుని లాగేది) 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, రబ్బరు రోలరు సబ్బునీళ్లు తడిపిన గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. క్యాసెట్టుని ఒకసారి చివరిదాకా ముందుకీ వెనక్కీ చుట్టాలి. ఏళ్లతరబడి కదలని టేపులో చుట్టల మధ్య అంటుకున్న మంద శబ్దం, అంటే పల్లవికి ముందే సన్నగా వినిపించే దాని నీడ, దీంతో కొంత తగ్గుతుంది. తర్వాత డెక్కు తలుపు మూత తీయండి. హెడ్‌కి అటూ ఇటూ రెండు స్క్రూలుంటాయి. సాధారణంగా కింద స్ప్రింగు ఉన్నదే వాలు స్క్రూ. మొదట అది ఎలా ఉందో మార్కరుతో గీత పెట్టుకోండి. అయస్కాంతం పట్టని స్క్రూడ్రైవరుతో, పాట మోగుతుండగా, చుట్టులో ఎనిమిదో వంతుకి మించకుండా తిప్పండి. శబ్దాన్ని మోనో చేసి హెడ్‌ఫోన్స్‌లో వినాలి. తాళం చప్పుడు, "స", "శ" ఎక్కడ అన్నిటికంటే పదునుగా ఉంటే అక్కడ ఆపాలి.

మోనో టేపుకి ఇంకా కచ్చితమైన దారి ఉంది. రీపర్ లాంటి ఆడియో సాఫ్ట్‌వేర్‌లో కుడి చానెల్‌ని తలకిందులు చేసి ఎడమతో కలపండి. రెండింటిలో ఉన్నది ఒకే పాట కాబట్టి హెడ్ సరిగ్గా నిలిచిన చోట పాట దాదాపు మాయమై బుస ఒక్కటే మిగులుతుంది. ఆ స్థానమే మీకు కావలసింది. ఇప్పుడు తలకిందులు తీసేసి, రెండు చానెళ్లనీ కలిపి మోనోగా సగటు చేయండి. పాట రెండింటిలో ఒకటే, బుస వేర్వేరు, అందుకని బుస 3 డెసిబెళ్లు తగ్గుతుంది, పాటలో ఒక్క అణువు కూడా పోకుండా. అయితే వాలు సరిచేయకుండా సగటు చేస్తే ఉన్న పై శబ్దాలు కూడా పోతాయి.

కంపెనీ క్యాసెట్ల మీద రెండు ఇంగ్లిషు "డి" అక్షరాలు ఎదురెదురుగా పొట్టలు ఆనించినట్టున్న గుర్తు చూస్తే అది డాల్బీ. దాన్ని విప్పకుండా వింటే బుస, కీచు ఎక్కువగా ఉంటాయి. అక్కడ కూడా వాలు ముందు, డాల్బీ తర్వాత. పై శబ్దాలు పోయిన సిగ్నల్‌ని డాల్బీ చిన్న శబ్దం అనుకుని ఇంకా తొక్కేస్తుంది. ఇంటి టూ-ఇన్-వన్‌లలో చాలావాటికి డాల్బీ లేనేలేదు, వాటికి ఆ మీట నొక్కకండి.

సి90:
వాలు సంగతి ఒప్పుకుంటున్నాను, సగటుతో వచ్చే 3 డెసిబెళ్లు నేను లెక్కలోకి తీసుకోలేదు. పాటకు ముందు ప్రొఫైల్ అన్నది తప్పే, వెనక్కి తీసుకుంటున్నాను. కానీ బుస అసలు ముట్టుకోవద్దన్న మాటకి ఇంకా అడ్డం తిరుగుతాను, దానికి ఒక సాంకేతిక కారణం ఉంది. చివరికి ఈ పాటలు చుట్టాలకి చేరేది 64 కేబీపీఎస్ లాంటి చిన్న ఫైళ్లుగా. అంత తక్కువ బిట్‌రేటులో ఎన్‌కోడరు (ఫైలుని కుదించే ప్రోగ్రాం) బుసని మోయలేక నీళ్లు కదిలినట్టు చేస్తుంది, బిట్లు దానికే ఖర్చయిపోయి వయొలిన్ గరగరలాడుతుంది. మెల్లగా 5, 6 డెసిబెళ్లు ముందే తగ్గిస్తే అదే సైజులో పాట మెరుగ్గా ఉంటుంది. పంచే కాపీకి శుభ్రం చేయడం తప్పనిసరి అంటాను. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఆడియోగా కాక డాక్యుమెంటుగా పంపండి, ఫైలు మారదు.

నూలుపోగు:
పంచే కాపీకి అయితే నాకూ అభ్యంతరం లేదు. ముడి ఫైలు చెరిపేయమన్న ఒక్క మాటకే అభ్యంతరం.

50హెర్ట్జ్:
ముడి ఫైలు ఉంచుకోవడానికి ఇంకో కారణం వేగం. 2 శాతం వేగం తేడా అంటే శృతి దాదాపు మూడో వంతు అర్ధస్వరం జరుగుతుంది, గాయకుడి గొంతు రంగు కూడా మారుతుంది. దీన్ని పట్టడానికి రికార్డింగులో చేరిన కరెంటు హమ్ (మన 50 హెర్ట్జ్ కరెంటు వల్ల వచ్చే గుంయ్ శబ్దం) చూడమంటారు: స్పెక్ట్రమ్‌లో అది 50 బదులు 51 దగ్గరుంటే టేపు 2 శాతం వేగంగా నడుస్తోందని. మన టేపులకి ఇది గుడ్డిగా వాడకండి. దక్షిణ గ్రిడ్‌లో 2003లో ఏబీటీ (గ్రిడ్ ఫ్రీక్వెన్సీని బట్టి కరెంటు ధర మారే) పద్ధతి వచ్చేదాకా ఫ్రీక్వెన్సీ 49 కిందికి దిగడం మామూలే. సాయంత్రం కచేరీలో అసలు హమ్మే 48.8 అయ్యుండొచ్చు, దాన్ని 50కి లాగితే శృతి పెంచేసినట్టే. పైగా సరిగ్గా 50 దగ్గర కనిపించే గీత మీ డెక్కు, మీ తీగలది. టేపులోది దాని పక్కన ఇంకోటి ఉంటుంది. రెండూ విడిగా కనిపించాలంటే 150, 250 దగ్గర చూడండి, తేడా మూడింతలు, ఐదింతలై తేలిగ్గా దొరుకుతుంది.

3150 హెర్ట్జ్ టెస్ట్ టేపుతో ముందు మీ డెక్కు వేగం సరిచేసుకోండి. ఆ తర్వాత హార్మోనియం ఉన్న హరికథ, నాటకం టేపులైతే దాని రీడ్లని ఆధారంగా తీసుకోవచ్చు, అదీ ఉజ్జాయింపే. తెలియని చోట మార్చకుండా ఉంచడమే మేలు. హమ్ తీసే సన్నని నాచ్ ఫిల్టరు (ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసేది) కూడా గీత ఎక్కడుందో చూశాకే పెట్టాలి, 50 మీద గుడ్డిగా పెడితే టేపులోని హమ్ అలాగే ఉంటుంది, మృదంగం తొప్పి (ఎడమ వైపు) నాదం మాత్రం పలచబడుతుంది.

కొత్తచెవి:
వెయ్యి, రెండు వేలకి దొరికే యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయరు సరిపోదా అండీ? డెక్కు వెతకడం కష్టంగా ఉంది.

లైన్ఇన్:
మాటలకి పర్వాలేదు, పాటకి వద్దు. వాటిలో వేగాన్ని నిలకడగా ఉంచే చక్రం తేలిక, అందుకని సాగదీసిన కార్వై వణుకుతుంది. తంబురా ఉన్న టేపులో ఆ వణుకు ముందే చెవిన పడుతుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ సరిగా తీయలేదు. చాలావాటిలో వాలు స్క్రూ చేతికి అందదు. పాత టూ-ఇన్-వన్ పనిచేస్తుంటే దాని హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి చేర్చే పెట్టె) లైన్ ఇన్‌కి తీగ వేయండి. ఫోను మైకు సాకెట్‌లో వేయకండి, అది మోనో, పైగా గెయిన్ ఎక్కువై పాట పగులుతుంది. వాల్యూమ్ సగం దగ్గర ఉంచి, గట్టి మృదంగం దెబ్బ మైనస్ 12, మైనస్ 6 డెసిబెళ్ల మధ్య తగిలేలా ఇంటర్‌ఫేస్ గెయిన్ పెట్టండి. 24 బిట్ అక్కర ఇక్కడే: లెవెల్ కాస్త తక్కువ పడినా నష్టం లేదు. 24/48 చాలు, గంటకి 1 జీబీ చిల్లర, ఫ్లాక్ చేస్తే ఇంకా తగ్గుతుంది.

నూలుపోగు:
కొత్తచెవి గారూ, ఒక పరీక్ష కూడా గుర్తుంచుకోండి. ఆడాసిటీ నాయిస్ రిడక్షన్‌లో "రెసిడ్యూ" అనే ఎంపిక ఉంటుంది; అది మిగిలిన పాటని కాక, ఫిల్టరు తీసేస్తున్నదాన్ని వినిపిస్తుంది. 6 డెసిబెళ్లు, సెన్సిటివిటీ (ఎంత శబ్దాన్ని బుస కింద లెక్కగట్టాలో చెప్పేది) 4 దగ్గర మొదలుపెట్టి రెసిడ్యూ వినండి. అందులో ఒట్టి బుస ఉంటే సరే. తంబురా గానీ, తాళం గానీ, గొంతు నీడ గానీ వినబడితే సెన్సిటివిటీ తగ్గించండి, అప్పటికీ వినబడితే ఆ టేపుకి ఆ ఫిల్టరు వాడకండి.