గోదాములో రెండు వైఫై కెమెరాలు కలిసి నడవట్లేదు, సాయం చేయండి

మిర్యాలగూడ మిల్లు: అన్నా, పొద్దున పదింటి నుంచి దీని మీదే ఉన్నా. రెండు కెమెరాలకూ సిగ్నల్ ఫుల్. ఒకటి ఆపితే రెండోది చక్కగా వస్తుంది. రెండూ ఆన్ చేస్తే రెండూ ఆగి ఆగి వస్తున్నాయి. రౌటర్ మూడుసార్లు రీసెట్ చేశా. సాయంత్రం సేటు వస్తాడు, టెన్షన్‌గా ఉంది.

సూర్యాపేట: ఛానల్ మార్చు.

మిర్యాలగూడ మిల్లు: 3 పెట్టానన్నా. ఇంకా ఘోరం.

దేవరకొండ: 3 ఎందుకు పెట్టావు తమ్ముడూ? 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కోటి ఆక్రమించేది 20. అంటే పక్కపక్క ఛానళ్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. అందుకే 1, 6, 11లో ఏదో ఒకటి పెట్టుకోవాలి. ఒకే ఛానల్‌లో ఉన్నవాళ్లు ఒకరినొకరు విని ఆగుతారు. నువ్వు 3లో, పక్క మిల్లు 1లో ఉంటే ఇద్దరికీ మిగిలేది రొదే. ఎవరి రౌటర్ చూసినా ఇదే తప్పు, చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

సూర్యాపేట: నేనన్నది 5 గిగాహెర్ట్జ్‌కు మార్చమని.

దేవరకొండ: అది బ్యాండ్. బ్యాండ్ అంటే చేను, ఛానల్ అందులో ఒక మడి. మాట సరిగ్గా వాడకపోతే అడిగినవాళ్లు ఇలాగే తిప్పలు పడతారు.

సూర్యాపేట: సరే, బ్యాండ్.

పాలమూరు: తమ్ముడూ, రెండు కెమెరాల మధ్య ఏముంది?

మిర్యాలగూడ మిల్లు: ఏముంటాయన్నా, వడ్ల బస్తాలు. పైకప్పు దాకా పేర్చారు. కెమెరాలు చెరో పక్క, రౌటర్ ఈ చివర తలుపు మీద.

పాలమూరు: ఇది ముందే చెప్పాల్సింది. వైఫైలో ప్రతి పరికరమూ పంపే ముందు గాలి ఖాళీగా ఉందా అని వింటుంది. ఖాళీ అయితే, అందరూ ఒక్కసారే మొదలుపెట్టకుండా తలా కొంతసేపు ఆగి పంపుతుంది. నీ కెమెరాలు రెండూ రౌటర్‌కు వినిపిస్తాయి, కానీ బస్తాల అడ్డంతో ఒకదానికొకటి వినపడవు. రెండూ ఖాళీ అనుకుని ఒకేసారి పంపితే రౌటర్ దగ్గర గుద్దుకుంటాయి. దీన్ని హిడెన్ నోడ్ అంటారు. మా దగ్గర పల్లికాయ బస్తాలతో ఇదే జరిగింది. సరుకు లారీకెత్తిన రోజు ఏమీ ముట్టుకోకుండానే వీడియో బాగైంది.

కెమెరా సెట్టింగుల్లో ఆర్టీఎస్ (పంపే ముందు అనుమతి అడగడం) ఉంటే 500 పెట్టు. అప్పుడు 500 బైట్లు దాటిన ప్యాకెట్‌కు, అంటే పెద్ద డేటా ముక్కకు, ముందు పంపనా అని రౌటర్‌ను అడుగుతుంది. రౌటర్ ఇచ్చే జవాబు అవతలి కెమెరాకూ వినపడి, అది ఆగుతుంది. లేకపోతే ఒకదానికి కేబుల్ వెయ్యి.

దేవరకొండ: ఛానల్ మాత్రం 3లో ఉంచకు.

మిర్యాలగూడ మిల్లు: ఆర్టీఎస్ కనబడలేదు. 6 పెట్టి, ఎడమ పక్కదానికి కేబుల్ వేశా. ఇప్పటికైతే రెండూ వస్తున్నాయి. లారీ వచ్చింది, థాంక్సన్నా.