చేయి చాచితే పాపకు ఏమి అర్థమవుతుంది?

ప్రశ్న: మా పాపకు తొమ్మిదో నెల. గిలక్కాయ కోసం నేను చేయి చాచగానే, అది నాకు అందకముందే తన చూపు దాని మీదికి వెళ్తోంది. ఇది నా ఉద్దేశాన్ని గ్రహించడమేనా, కేవలం కదలికను అనుసరించడమా?

జవాబు 1: మనస్తత్వ శాస్త్రవేత్త అమాండా వుడ్‌వర్డ్ 1998లో ప్రచురించిన ప్రయోగం సరిగ్గా ఈ సందేహం గురించే. రెండు బొమ్మల్లో ఒకదాన్నే పట్టుకునే చేతిని పదేపదే చూపించి, తరువాత బొమ్మల చోట్లు మార్చినప్పుడు, చేయి పాత చోటికే వెళ్లి రెండో బొమ్మను పట్టుకుంటే 6, 9 నెలల పిల్లలు ఎక్కువసేపు చూశారు; అంటే చేయి వెళ్లే చోటు కన్నా అది కోరే బొమ్మనే వారు గమనించారని, అది మారడం వారికి కొత్తగా తోచిందని భావిస్తారు. చేతికి బదులు కర్ర వాడితే ఆ తీరు కనబడలేదు.

జవాబు 2: ఎక్కువసేపు చూడడమే అర్థం చేసుకోవడమా అన్నది నాకు తెగని సందేహమే. మరో మనస్తత్వ శాస్త్రవేత్త ఆండ్రూ మెల్ట్‌జాఫ్ 1995 ప్రయోగం నన్ను ఎక్కువ ఒప్పించింది: పెద్దవారు వస్తువును విడదీయబోయి చేయి జారడం చూసిన 18 నెలల పిల్లలు, ఆ జారుడును అనుకరించక, దాన్ని విడదీసి చూపారు.

అడిగినవారు: ధన్యవాదాలండి. రేపు గిలక్కాయను, గరిటెను తారుమారు చేసి పెట్టి చూస్తాను.